స్టెప్నీలో గాలి వుందా?

కారు కొన్నవారు దాని రంగు చెబుతారు, మైలేజీ చెబుతారు, యెంత బేరమాడి కొన్నారో మరీ సంబరంగా చెబుతారు. "స్టెప్నీలో గాలి వుందా?" అని మాత్రం అడిగి చూడండి. వొకసారి డిక్కీ వైపు చూసి, "వుండే వుంటుంది లెండి" అంటారు. ఆ "వుండే వుంటుంది" అన్న మాటను నమ్ముకునే మనలో చాలామంది భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకుని రాత్రివేళ జాతీయ రహదారుల మీద ప్రయాణాలు చేస్తున్నాము.

తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరరుకు కారు మరమ్మతులతో పనేమిటని పాఠకులకు సందేహం రావచ్చు. నా దగ్గర వున్నది ఇరవై యేళ్ళు దాటిన మారుతి 800. ఆ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది. అటువంటి బండి వున్నవాడు సంధులూ సమాసాలతో పాటు నట్లూ బోల్టులూ కూడా నేర్చుకోక తప్పదు.

ముందుగా మాట పుట్టుక చెప్పుకోవడం మా వృత్తిధర్మం. తొలినాటి కార్లకు అదనపు చక్రమే వుండేది కాదు. టైరు పగిలితే దారిలోనే కూర్చుని, విప్పి, అతుకు వేసుకోవలసిందే. 1904లో వేల్సులోని లానెల్లీ పట్టణంలో డేవీస్ సోదరులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. పుల్లలు లేని వట్టి వలయానికి గాలి నింపిన టైరు తొడిగి, దాన్ని పాడైన చక్రానికి బిగించి ముందుకు సాగిపోవడమే ఆ ఉపాయం. వారి దుకాణం వున్న వీధి పేరు స్టెప్నీ. వీధి పేరే సరుకు పేరయింది. ఇంగ్లీషువారు ఆ మాటను దాదాపు మరిచిపోయారు గాని, మన పంచరు షాపులవాళ్ళు మాత్రం నేటికీ దాన్ని బతికిస్తున్నారు.

నాకు యీ విద్య నేర్పిన గురువు నా శిష్యుడే. చదువుకునే రోజుల్లో ఛందస్సంటే ఆమడ దూరం పారిపోయేవాడు. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. వొక ఆదివారం మా యింటికి వచ్చి, "ఇవాళ నేను చెయ్యి వెయ్యను మాస్టారూ, మీరే విప్పండి" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే వున్న మా అమ్మాయిని, "చెప్పమ్మా, ముందు జాకీ ఎత్తాలా, నట్లు వదులు చెయ్యాలా?" అని అడిగాడు.

"నట్లే అన్నయ్యా. బండి ఎత్తితే పానాతో పాటు చక్రం కూడా తిరిగిపోతుంది గదా!" అన్నది అది.

ఆ రోజు నేర్చుకున్న వరస యిది. బండిని గట్టి నేల మీద, చదునుగా వున్న చోట ఆపాలి. హ్యాండుబ్రేకు వేసి, మొదటి గేరులో వుంచాలి. అందరూ దిగిపోవాలి. విప్పబోయే చక్రానికి ఐమూలగా వున్న రెండో చక్రం కింద పెద్ద రాయి అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద వుండగానే నట్లు సగం చుట్టు వదులు చెయ్యాలి. జాకీని కారు పుస్తకంలో చూపించిన గుర్తు దగ్గరే ఆనించాలి గాని, కనిపించిన రేకుకల్లా ఆనించగూడదు. ఎత్తిన తరువాత, స్టెప్నీని పడుకోబెట్టి బండి అంచు కిందికి తొయ్యాలి. ఖర్మకాలి జాకీ జారినా, బండి ఆ చక్రం మీద పడుతుంది గాని మనిషి మీద పడదు. కొత్త చక్రం వేశాక నట్లు ముందు చేత్తో తిప్పి, ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. ఆఖరి బిగింపు మాత్రం బండిని దించాకనే. ఓ యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ వొకసారి పానా వేసి చూసుకోవాలి.

ఇదంతా అయ్యాక నేను కింద యేదో గొట్టం చూద్దామని వంగబోతుంటే, మా శిష్యుడు నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

"జాకీ ఎత్తడానికే మాస్టారూ, మొయ్యడానికి కాదు" అన్నాడు. అతనికి పని నేర్పిన మేస్త్రీ ముప్ఫై యేళ్ళ అనుభవం వున్నవాడట. వొక సాయంత్రం, "రెండు నిమిషాల పనేగదా" అని జాకీ మీద వున్న బండి కిందికి దూరాడు. జాకీ పక్కకు వొరిగింది. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మళ్ళీ పానా పట్టలేదు. బండి కిందికి వెళ్ళవలసిన పని వుంటే ఇనుప స్టాండ్లు వుండాలి. ఇటుకలు పనికిరావు, అవి చెప్పకుండా పగులుతాయి.

అంచేత ఇంట్లో చెయ్యదగిన పనులు వేరు, చెయ్యగూడని పనులు వేరు. టైర్ల గాలి చూసుకోవడం, వైపర్లు మార్చడం, ఆయిలు మట్టం చూడడం, గాలి ఫిల్టరు దులపడం, ఫ్యూజు మార్చడం - యివి యెవరైనా చేసుకోవచ్చు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివు తీగ ముందు తియ్యాలి, బిగించేటప్పుడు ఆఖరున పెట్టాలి. టైరు గాలి బండి చల్లగా వున్నప్పుడే కొలవాలి. యెంత గాలి పెట్టాలో డ్రైవరు తలుపు చట్రం మీదనో, పుస్తకంలోనో వుంటుంది. టైరు పక్కన అచ్చయిన అంకె ఆ టైరు భరించే గరిష్ఠం మాత్రమే. అక్కడే నాలుగంకెల గుర్తు వొకటి వుంటుంది. 2319 అని వుంటే, 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. టైరు గాళ్ళు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే దానికి సెలవివ్వాలి.

ఇక చెయ్యగూడనివి: బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, ఏ.సి. గ్యాసు. కరెంటు కార్లలో నారింజరంగు తీగలు కనిపిస్తే ముట్టుకోవద్దు. వాటిలో పారేది ప్రాణం తీసే కరెంటు. వేడిగా వున్న రేడియేటరు మూత తెరవడమంటే మరిగే కుక్కరు మూత తెరవడమే. నా లెక్కన సొంత మరమ్మతుల వల్ల మిగిలే డబ్బు పెద్దదేమీ కాదు. చెయ్యి యెక్కడ ఆపాలో తెలియడమే దాని అసలు లాభం. అది తెలిసినవాడికే మెకానిక్కు విలువ కూడా తెలుస్తుంది.

రోడ్డు మీద మరో జాగ్రత్త. వాహనాలు దూసుకుపోయే వైపు టైరు పోతే, గాలి లేకపోయినా సరే, మెల్లగా సురక్షితమైన చోటికి నడుపుకుపోవడమే మేలు. టైరు పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చు. నాలుగు దీపాలూ వెలిగించి, యెర్ర త్రికోణాన్ని యాభై మీటర్ల వెనక పెట్టి, పిల్లలను రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. చోటు మంచిది కాదనిపిస్తే జాకీ తియ్యనే వద్దు. జాతీయ రహదారుల మీద సహాయానికి 1033 నంబరు వుంది.

మరొక సంగతి. కొత్తగా వచ్చే కొన్ని కార్లకు అసలు స్టెప్నీయే వుండడం లేదు. ట్యూబులేని టైర్లూ, గాలి తగ్గితే హెచ్చరించే సాధనమూ, పంచరు వేసుకునే సామగ్రీ వున్న కార్లకు అది లేకపోయినా ఫరవాలేదని 2020లో నిబంధన సడలించారు. మీ బండికి ఆ చక్రం వుందో, ఆ సామగ్రి వుందో ముందు తెలుసుకోండి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వచ్చే ఆదివారం కాఫీ తాగాక డిక్కీ తెరవండి. జాకీ తిరుగుతున్నదా, పానా నట్టుకు పడుతున్నదా చూడండి. వొక చక్రం విప్పి మళ్ళీ బిగించండి. మీ ఆవిడనూ, పెద్ద పిల్లలనూ కూడా చెయ్యి వెయ్యమనండి. టైరు పగిలేటప్పుడు స్టీరింగు యెవరి చేతిలో వుంటుందో యెవరికి తెలుసు! అన్నిటికన్నా ముందు, ఆ స్టెప్నీలో గాలి కొట్టించండి.