తులసి వెన్నులు – తేనెటీగలకు విందు

మన క్వార్టర్లలో తులసి మొక్క లేని ఇల్లు అరుదు. కాని ఆ మొక్కను పూయనిచ్చే ఇళ్లు ఎన్ని? వెన్ను కనిపించగానే తుంచివేయడం మనకు అలవాటు. ఆకుల కోసమైతే అది సరైన పద్ధతే. గింజ కట్టిన తులసి త్వరగా ముదిరిపోతుంది. అయితే ఆ వెన్నులను వెదుక్కుంటూ వచ్చే జీవులు ఉన్నాయన్న సంగతి మేము ఆలస్యంగా గ్రహించాము.

రెండేళ్ల క్రితం మా పెరటి గుమ్మడి పాదు నిండుగా పూసినా, పిందెలన్నీ పసుపుబారి రాలిపోయాయి. ఎరువు వేశాము, నీరు పెంచాము, ఫలితం లేకపోయింది. తప్పు మాదే. పక్కనున్న చిక్కుడుకు పేనుబంక పట్టిందని ఉదయంపూట పురుగుమందు చల్లాము. ఆ రోజే కుళాయి వద్ద చచ్చిపడిన తేనెటీగలను చూశాము. గుమ్మడిలో మగపువ్వు, ఆడపువ్వు వేర్వేరు. తెల్లవారుజామున విచ్చుకొన్న పువ్వు మధ్యాహ్నానికి ముడుచుకొంటుంది. ఆ కొద్ది గంటలలో పుప్పొడిని చేరవేసేవారు లేకుంటే పిందె నిలువదు.

మందు మానివేసి, గోడవారగా ఆరు తులసి మొక్కలు నాటి, స్వేచ్ఛగా పూయనిచ్చాము. ఊదారంగు చిన్నపూలు అంతస్తులుగా విచ్చుకోగానే పుట్ట తేనెటీగలు వచ్చాయి. వాటి వెంట పొట్టపై నీలిచారలు గల ఒంటరి తేనెటీగ కూడా వచ్చింది. దీనిది విశేషమైన నేర్పు. వంగ, టమాటా పువ్వులను పట్టుకొని, రెక్కల కండరాలతో గిలక్కొట్టి పుప్పొడి రాలుస్తుంది. ఇది నేలలో గూడు కట్టుకొంటుంది గనుక పెరటిలో ఒక మూలను తవ్వకుండా వదలాలి.

తులసి మన దేశపు మొక్క; కొన్నేళ్లపాటు బ్రతుకుతుంది. గింజలు సన్ననివి. ఇసుకతో కలిపి చల్లి, పలుచగా మట్టి కప్పి, తడి ఆరకుండా చూస్తే వారం పదిహేను రోజులలో మొలుస్తాయి. నాలుగైదు ఆకులు రాగానే అడుగు ఎడంగా నాటాలి. మంచి ఎండ కావాలి, నీరు నిలువరాదు. వెన్నులన్నీ ఒకేసారి కత్తిరించక, పూత ముగిసినవి మాత్రమే తీస్తుండాలి. కొత్త కొమ్మలు వస్తాయి, పూతా ఆగదు. చీడ పడితే వేపనూనెను సాయంకాలం, తేనెటీగలు వెళ్లిన తరువాతనే పిచికారీ చేయాలి.

నిరుడు మా గుమ్మడి ఏడు కాయలు నిలిపింది. మందు మానినందువల్లనా, తులసి పూతవల్లనా అని విడదీసి చెప్పలేము. కోటలోని తులసి వెన్నులను మా ఇంటి పెద్దావిడ ఇప్పటికీ నియమంగా తుంచుతారు. గోడవార మొక్కల జోలికి మాత్రం వెళ్లరు, మమ్మల్నీ వెళ్లనివ్వరు.