పనిముట్టు ఎవరి చేతిలో ఉంటే కూలి వారిది

కృష్ణా డెల్టాలో స్త్రీలు శ్రమకు కొత్తవారు కారు. తోట్లవల్లూరు ప్రాంతపు పసుపు, చెరకు తోటల్లోనూ, గుడివాడ, దివిసీమ వరిచేలల్లోనూ నాటడం, కలుపు తీయడం తరతరాలుగా వారి చేతుల మీదుగానే సాగుతుండగా, దుక్కి దున్నడం, మందు కొట్టడం, బస్తాలు మోయడం మగపనులుగా స్థిరపడి, ఆ విభజన వెంటే ఆడకూలి, మగకూలి అనే రెండు రేట్లు ఏర్పడ్డాయి. పొద్దస్తమానం బురదనీటిలో నడుము వంచి నాట్లు వేయడాన్ని తేలికపనిగా లెక్కగట్టడం అన్యాయం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో ఆమోదించిన ఒడంబడిక సమాన విలువ గల పనికి సమాన వేతనం ఇవ్వాలన్నది. అంటే పనులు వేరైనా, వాటికి కావలసిన నేర్పు, శ్రమ, బాధ్యత సమానమైతే ప్రతిఫలమూ సమానం కావాలి. భారతదేశం 1958లో దానిని ధ్రువీకరించినా, 1976 నాటి సమాన వేతన చట్టం మాత్రం ‘ఒకే పని లేదా అటువంటి పని’ వరకే పరిమితమైంది. కలుపు తీయడం ఒక పని, కలుపు మందు కొట్టడం మరొక పని అన్నంత కాలం, కూలిలో తేడాను ఆ చట్టంతో ప్రశ్నించడం కష్టంగానే ఉండేది.

వ్యవసాయం ఆధునికమయ్యే కొద్దీ యంత్రాలూ శిక్షణా పురుషులకే అంది, స్త్రీలు చేతిపనికే మిగిలిపోతారని డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసరప్ 1970లోనే వివరించారు. డెల్టాలో ఆ మాట కళ్లెదుటే కనిపిస్తుంది: కలుపు మందు వచ్చి కలుపుతీత కూలినీ, వెదజల్లే సాగు వచ్చి నాట్ల కూలినీ, కోత మిషను వచ్చి కోత కూలినీ తగ్గించగా, స్ప్రేయరూ స్టీరింగూ మగవారి చేతికే వెళ్లాయి.

ఈ వరుసను తిరగరాసే అవకాశం ‘నమో డ్రోన్ దీదీ’ పథకంలో ఉంది. కేంద్రం 2023లో 1,261 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఈ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు 80 శాతం రాయితీతో, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల మేరకు సాయం చేసి డ్రోన్లు ఇవ్వాలని, ఎంపికైన సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. మగపని అనుకున్న పిచికారీ ఇందువల్ల ఆడవారి చేతికి వస్తుంది. అయితే డ్రోను సంఘం పేర ఉండి, దానిని ఇంటి మగవారు నడిపితే పాత కథే సాగుతుంది గనుక, రిమోటు పట్టే చేయీ, ఎకరాకు వచ్చే కిరాయీ సభ్యురాలివే అయ్యేలా సంఘాలూ, వ్యవసాయ శాఖ అధికారులూ, పని ఒప్పజెప్పే రైతులూ పట్టుబట్టాలి.