ఏ గ్రూపు కావాలని పిల్లనడిగామా?

కిందటి డిసెంబరులో ఓ ఆదివారం మధ్యాహ్నం ఓ కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మా ఇంటికొచ్చాడు. మా అమ్మాయి పదో తరగతి అనీ, లెక్కల్లో ఎన్ని మార్కులొస్తున్నాయనీ మాకంటే ఆయనకే బాగా తెలుసు! "ఇప్పుడు ఐదు వేలు కడితే ఫీజులో రాయితీ ఉంటుందమ్మా. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం పెట్టించండి, మార్కులు బాగా పడతాయి" అన్నాడు. కథలు రాసుకునేదాన్ని కదా, తెలుగుని అంత తేలిగ్గా తీసిపారేసేసరికి మనసు చివుక్కుమంది. దానికి నొచ్చుకున్నాను గానీ, ఫారంలో గ్రూపు అన్నచోట ఆయన 'ఎంపీసీ' అని రాస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. సంతకం నాదే. పిల్ల అప్పుడు ట్యూషన్‌లో ఉంది.

సాయంత్రం రసీదు చూసి, "నన్నడగలేదేం అమ్మా? నేను హెచ్ఈసీ తీసుకుని తర్వాత లా చదువుదామనుకుంటున్నా" అంది.

హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్! మా అత్తగారు నోరు నొక్కుకున్నారు. "లెక్కల్లో తొంభై దాటే పిల్లకి అదేం చదువే?" అన్నారు. మావారు నెమ్మదిగానే చెప్పారు. "ఎంపీసీ చదివి లాకి వెళ్లొచ్చు. హెచ్ఈసీ చదివి ఇంజనీరింగ్‌కి వెళ్లలేవు కదమ్మా."

అది నిజమే. అందుకు అమ్మాయి నావైపు తిరిగి, "నువ్వు ఎంపీసీ నుంచి బీఏకి వచ్చావుగా, ఎలా వచ్చావో చెప్పు" అంది.

ఏం చెప్పను? 2002లో మా నాన్న నన్ను ఎంపీసీలో చేర్చి హాస్టల్లో పెట్టారు. పది దాకా తెలుగు మీడియం. త్రికోణమితి కాస్తా ట్రిగొనామెట్రీ అయ్యేసరికి వచ్చిన లెక్క కూడా రానట్టే ఉండేది. మొదటి ఏడాది 470 మార్కుల్లో లెక్కలే 150, రెండు పేపర్లు. పొద్దున్నే ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటిదాకా మళ్లీ స్టడీ అవర్. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. వన్ బీ పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఇంట్లో సప్లిమెంటరీ సంగతి తెలుసుగానీ, కుళాయి సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

ఇంత అనుభవించినదాన్ని సంతకం ఎలా పెట్టానంటారా? భయమండీ. పక్కింటి పిల్లలందరూ అటే వెళ్తుంటే మన పిల్ల ఒక్కతే వెనకబడిపోతుందేమోనని.

తీరా విచారిస్తే ఆ కాలేజీలో హెచ్ఈసీయే లేదు! చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లోనూ లేదన్నారు. రెండు బస్సులు మారి వెళ్తే గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఉంది. ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా లాసెట్ రాసి ఐదేళ్ల లా కోర్సులో చేరొచ్చని అక్కడే చెప్పారు. అమ్మాయి లైబ్రరీ చూసింది, నేను ముందు బాత్‌రూములు చూశాను. తలుపుకి గడియ లేదు. అదొక్కటే నాకు బెంగ.

కట్టిన ఐదు వేలూ తిరిగివ్వరట. మావారు ఇంకా ఊ అనలేదు. వచ్చే శనివారం ఆయన్నీ తీసుకెళ్లి అక్కడి లెక్చరర్లతో మాట్లాడించాలి.