తల తిరుగుడు తగ్గాక మళ్లీ ఎందుకొస్తుంది?

తల తిరుగుడు ఎపిసోడ్ విన్నాక ఎక్కువమంది అడిగింది ఒక్కటే: "డాక్టరు తల అటూ ఇటూ తిప్పి బాగుచేశాడు, మళ్లీ ఎందుకొచ్చింది?" నేను డాక్టర్ని కాను, సైట్‌లో సూపర్‌వైజర్ని. మనుషుల్ని ఎత్తు మీదికి ఎక్కించే పని నాది కాబట్టి ఇది తెలుసుకోవాల్సి వచ్చింది.

మంచం మీద పక్కకు తిరిగినా, తల పైకెత్తినా, వంగినా అంతా గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిపోతుంది. డాక్టర్లు దీన్ని బీపీపీవీ అంటారు. లోపలి చెవిలో సన్నటి కాల్షియం రేణువులు ఉంటాయి. అవి ఊడి, పక్కనున్న వంకర గొట్టాల్లోకి జారితే, మెదడుకు తప్పుడు కబురు పోతుంది. మన భాషలో చెప్పాలంటే రసమట్టంలో నలుసు పడినట్టు.

అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతిలో తలను వరసగా తిప్పి, ఆ రేణువుల్ని గొట్టంలోంచి బయటికి పంపుతారు. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గుతుంది. అయితే అది ఊడినవాటిని తీస్తుందే గానీ, కొత్తవి ఊడకుండా ఆపదు. కొన్నేళ్లు గమనిస్తే ముగ్గురిలో ఒకరికైనా మళ్లీ వస్తుంది.

ఎవరికి ఎక్కువ వస్తుంది?

తలకు దెబ్బ తగిలినవాళ్లకు. వాళ్లకు వైద్యం కూడా ఎక్కువసార్లు చేయాల్సి రావచ్చు. హెల్మెట్ ఫైన్ కోసం కాదు, దీనికోసం కూడా.

విటమిన్ డి తక్కువున్నవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు. గల్ఫ్‌లో ఇంత ఎండుంటే డి ఎందుకు తగ్గుతుంది అంటారా? ఎండ దెబ్బకు ముఖం, చేతులు కప్పుకునే పనిచేస్తాం. ఇళ్లలో పనిచేసే అక్కలకైతే ఎండే తగలదు. పైగా వయసు పైబడిన ఆడవాళ్లకు ఇది ఎక్కువ. 2020లో వచ్చిన దక్షిణ కొరియా పరిశోధనలో, డి తక్కువున్నవాళ్లకు ఏడాదిపాటు విటమిన్ డి, కాల్షియం ఇస్తే మళ్లీ రావడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. రక్త పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన డోసే వేసుకోండి.

బీపీ, షుగర్, మైగ్రేన్, మెనియర్స్ అనే చెవి జబ్బు ఉన్నవాళ్లకు కూడా మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది.

వైద్యం అయ్యాక రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలన్నది పాత మాట. అమెరికా చెవి డాక్టర్ల 2017 మార్గదర్శకాలు అది అవసరం లేదన్నాయి. తల తిరుగుడు మాత్రలు రేణువుల్ని కదపలేవు. వీడియో చూసి రూంలో సొంతంగా చేసుకునేముందు, ఏ చెవో, ఏ గొట్టమో డాక్టరుతో తేల్చుకోండి.

ఇక పని సంగతి. ఒకసారి వచ్చినవాళ్లు పొద్దున లేవగానే మంచం మీద అటూ ఇటూ దొర్లి చూసుకోండి. తిరిగితే ఆ రోజు స్కాఫోల్డింగ్ ఎక్కొద్దు, బండి నడపొద్దు. క్యాంపులో కింది మంచం అడగండి. ఫోర్‌మన్‌కి చెప్పండి. ఇంటికి పంపేస్తారన్న భయంతో దాస్తారని నాకు తెలుసు. కానీ పైపు బిగించడానికి తలెత్తిన ఆ అర నిమిషం చాలు, మనిషి కింద పడటానికి. సూపర్‌వైజర్లూ, అలా చెప్పినవాణ్ని నేలమీద, వంగే పని లేనిచోట పెట్టండి.

మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా ఇది చెవి జబ్బు అనుకోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.