పాత సైన్‌బోర్డుల నుంచి మన ఫోన్లోకి

కాన్వాలో పెళ్లి కార్డు చేసినా, కాలేజీ ఫెస్ట్ పోస్టర్ చేసినా మోంట్‌సెరాట్ అనే ఫాంట్ పేరు ఎక్కడో తగిలే ఉంటుంది. వెడల్పాటి ఇంగ్లిష్ అక్షరాలు, దాదాపు గుండ్రంగా ఉండే ‘ఓ’, చివర్లలో కొక్కేలూ తోకలూ ఏమీ ఉండవు. ఇందులో ‘లైట్’ తీసుకుని అక్షరాల మధ్య కాస్త జాగా వదిలితే చాలు, మామూలు టిఫిన్ సెంటర్ పేరు కూడా ఖరీదైన బ్రాండులా కనిపిస్తుంది.

పుట్టింది మాత్రం వీధి గోడల మీద. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో మోంట్‌సెరాట్ అనే పాత పేట ఉంది. 20వ శతాబ్దం మొదటి సగం నాటి షాపు బోర్డులు, పోస్టర్లు అక్కడ ఒక్కొక్కటిగా మాయమైపోతుంటే, హులియెటా ఉలనోవ్‌స్కీ అనే డిజైనర్ వాటి అక్షరాల తీరునైనా నిలబెట్టాలనుకున్నారు. 2011లో కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరించి ఫాంట్ చేశారు, గూగుల్ ఫాంట్స్ ద్వారా అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 2018లో వచ్చిన మెక్సికో ప్రభుత్వం కూడా తన అధికారిక డిజైన్‌కి దీన్నే పెట్టుకుంది. ఒక పేట గోడల రాతకి ఇంతకంటే ఏం కావాలి!

బోర్డు మీద వెడల్పు అందం. ఫోన్లో అదే ఇబ్బంది. చిన్న బటన్‌లో ‘ట్రాన్సాక్షన్స్’ అన్న ఇంగ్లిష్ మాట పట్టదు, సగంలో మూడు చుక్కలు వస్తాయి. అప్పుడు డిజైనర్ సైజు తగ్గిస్తాడు. స్టైల్ కోసం లైట్ అలాగే ఉంచుతాడు. పైగా రంగు లేత బూడిద. ల్యాప్‌టాప్‌లో సూపర్‌గా ఉంటుంది, మధ్యాహ్నం బస్టాప్‌లో మాత్రం బ్యాలెన్స్ ఎంతో కనపడదు. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, కానీ లైట్ ఫాంట్‌కి ఆ అంకె దాటినా ఒక్కోసారి చాలదు. గీతే సన్నం కదా.

యాపిల్‌కీ ఇది అనుభవమే. 2013లో ఐఓఎస్ 7 మొదటి బీటాల్లో హెల్వెటికా న్యూ లైట్ పెట్టింది. చదవలేకపోతున్నాం అన్న విమర్శలు వచ్చాయి, మూడో బీటాలో రెగ్యులర్‌కి మారింది.

మన గొడవ ఇంకోటి. మోంట్‌సెరాట్‌లో తెలుగు లేదు. యాప్‌లో తెలుగు పెట్టగానే ఫోన్ తన దగ్గరున్న వేరే ఫాంట్ తెచ్చి పక్కన కూర్చోబెడుతుంది. రెండూ కలవని వియ్యాలవారిలా ఉంటాయి. సరే, తెలుగునీ సన్నగా చేద్దామంటే నోటో సాన్స్ తెలుగులో థిన్ కూడా ఉంది. కానీ ‘ద’కీ ‘ధ’కీ తేడా కింద ఉన్న చిన్న గీతే. ‘ప’, ‘ఫ’ కూడా అంతే. చిన్న సైజులో, సన్నని గీతలో ముందు మాయమయ్యేది అదే. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ ఎత్తునే తెలుగుకీ ఉంచేస్తే ‘రాష్ట్రం’లో ఒత్తులు కింద తెగిపోతాయి.

మీరు యాప్ చేస్తుంటే మోంట్‌సెరాట్ లైట్‌ని హెడ్డింగ్‌కి హాయిగా వాడండి. కింద చదివే మాటకి, డబ్బు అంకెలకి రెగ్యులరో మీడియమో పెట్టండి, తెలుగుకి లైన్ ఎత్తు విడిగా ఇవ్వండి. టెస్టింగ్‌కి ‘హలో’ వద్దు. ‘ధనం’, ‘ఫలం’, ‘రాష్ట్రం’ టైప్ చేసి, బ్రైట్‌నెస్ సగానికి దించి, ఫోన్ తీసుకుని డాబా ఎక్కండి.