వెన్నుపాము దెబ్బ: ఎలుకలు చెప్పేది, చెప్పలేనిది

మహబూబాబాద్ చుట్టుపట్ల ఊళ్లలో తాటిచెట్టు మీదనుండి పడి, నడుము కింద చచ్చుబడిన గీత కార్మికులను మనము ఎరుగుదుము. అటువంటి ఇండ్లకు వెళ్లినప్పుడు మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "నడవలేని ఎలుకను నడిపించారని పేపర్ల పడ్డదట అయ్యగారూ, ఆ మందు మావానికి ఎప్పుడొస్తది?"

ప్రియ చదువరులారా, ఎవరి ఆశనూ కొట్టివేయడము మా ఉద్దేశము కాదు. అయితే గొడ్డూగోదా అమ్మి ఏదో సూదిమందు వెంట పరుగెత్తక మునుపు కొంత తెలిసికొనడము మంచిది.

1911లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆల్ఫ్రెడ్ రెజినాల్డ్ అలెన్ అనే వైద్యుడు కుక్కల వెన్నుపాము మీద ఒక బరువును కొలిచిన ఎత్తునుండి వదిలి పరీక్షించాడు. దెబ్బ తగిలిన క్షణముతో హాని ముగియదనీ, తరువాతి గంటలలో ఇంకా పెరుగుతుందనీ అప్పుడు అర్థమయ్యింది. నేడు ఈ పని ఎక్కువగా ఎలుకల మీద జరుగుతున్నది. గాయమైన చోట మనుష్యులలో వలెనే వాటికీ లోపల గుల్ల ఏర్పడుతుంది. చిట్టెలుకలో అలా కాదు.

కానీ ఎలుక నాలుగు కాళ్ల జీవి. మెదడు ఆజ్ఞను మోసే ముఖ్యమైన నరాల కట్ట దానిలో ఒకచోట, మనలో మరొకచోట ఉంటుంది. ప్రయోగశాలలో దెబ్బ తగిలిన కొద్దిసేపటికే మందు ఇవ్వవచ్చు. మన మనిషి మానుకోట దాటి వరంగల్ చేరేసరికి ఎంత పొద్దుపోతుందో మీకు తెలుసు. మిథైల్ ప్రెడ్నిసొలోన్ సంగతే చూడండి. పిల్లులలో బాగా పనిచేసింది. 8 గంటలలోపు ఇస్తే రోగులకూ మేలని 1990లో ప్రకటించారు. 2013లో అమెరికా న్యూరో సర్జన్ల సంఘాలే దానిని వాడవద్దన్నాయి.

మూగజీవాలను బాధపెట్టడము న్యాయమా అని అడిగేవారున్నారు. అడగవలసినదే. అనవసరమైన బాధ కూడదని మన దేశములో 1960 నాటి చట్టమున్నది.

ఇక మన చేతిలో ఉన్నది. చెట్టు కింద పడినవానిని భుజాలు, కాళ్లు పట్టి ఎత్తకండి, కూర్చోబెట్టకండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి, నలుగురు కలిసి తలుపు చెక్క మీదికి చేర్చండి. ఇంటికి వచ్చాక రెండు గంటలకొకసారి పక్క మార్చండి. పడకపుండ్లు, మూత్రములో చీము ప్రాణము తీయగలవు.

వేలూరు వైద్యురాలు మేరీ వర్గీస్‌గారు 1954లో కారు ప్రమాదములో కాళ్లు చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగులకు ఆపరేషన్లు చేశారు. ఇటువంటి రోగులకు తిరిగి బ్రతుకుతెరువు నేర్పే సంస్థ అక్కడ 1966లో ఆమె చేతుల మీదుగానే మొదలయ్యింది.

2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ సామగ్రి పంచడము మొదలుపెట్టింది. మీ సంఘములో తాడెక్కేవారికి అది అందిందో లేదో వచ్చే ఆదివారము అడిగి చూడండి.