చచ్చిన గొడ్డు, డప్పు, ఆదివారం

క్రైస్తవుడిగా బతకడమంటే ఏమిటని 1860ల చివర్లో ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో అడిగితే, వచ్చే జవాబులో సిద్ధాంతం తక్కువ, దినచర్య ఎక్కువ. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆయనతో కలిసి తిరిగిన తెలుగు బోధకులు కొత్తగా చేరేవాళ్ళ ముందు పెట్టిన నియమాలు ఈ మూడే. చదువు రాని మనిషి కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకునేంత చిన్నవి. ఊరి వ్యవహారం తెలిసినవాళ్ళకు మాత్రం వాటి బరువు వెంటనే తెలిసిపోయేది.

అప్పటి ఊళ్ళలో మాదిగ కుటుంబాలకు పొలం ఉండటం అరుదు. ఉన్నది మేర. రైతుకు చెప్పులు, మోట బొక్కెన, కాడికి వార్లు చేసిపెట్టినందుకు పంట నూర్పిళ్ళప్పుడు కల్లంలో కొలిచి ఇచ్చే గింజలవి. ఊళ్ళో పశువు చస్తే దాన్ని ఈడ్చుకుపోయే బాధ్యత వాళ్ళది, దాని తోలూ మాంసమూ వాళ్ళవి. పోలేరమ్మ జాతరలో డప్పు కొట్టాల్సిందీ వాళ్ళే. ఊరి పెద్ద కబురు పంపితే కూలీ ప్రస్తావన లేకుండా వెట్టికి పోవాల్సిందీ వాళ్ళే. ఈ ఏర్పాటులో ఏ పోగు లాగినా అల్లిక మొత్తం కదులుతుంది. చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యడమంటే ఎండాకాలపు లోటు నెలల్లో ఉన్న ఒక్క ఆసరానీ వదులుకోవడం. ఆదివారం పని మానడమంటే నాట్లప్పుడు, కోతలప్పుడు రైతు కంట్లో పడటం. అన్నిటికన్నా కష్టమైనది మూడోది. జాతరలో డప్పు మోగకపోతే అమ్మవారికి కోపం వస్తుందని, మశూచి, కలరా ఊరి మీద పడతాయని అందరి నమ్మకం. డప్పు కింద పెట్టినవాడు తన మొక్కు ఒక్కటే మానుకున్నట్టు కాదు. ఊరి లెక్కలో అందరి ప్రాణాలనూ పణం పెట్టినట్టు.

అందుకే కష్టాలు బాప్తిస్మం వెంటే వచ్చేవి. కరణం, మునసబు ఒక మాట మీద ఉంటే చాలు, మేర ఆగిపోయేది, కోమటి ఉప్పు అమ్మేవాడు కాదు, మంచినీళ్ళకు దారి మూసేవారు, లేని దొంగతనం అంటగట్టి ఠాణాకు పంపేవారు. దేవుణ్ణి నమ్మితే బాధలు తీరిపోతాయని ఎవరైనా వాళ్ళకు చెప్పి ఉంటే ఆ మాట మొదటి నెలలోనే అబద్ధమై పోయేది. బోధకులు చెప్పింది అది కాదు. శ్రమపడి భారం మోస్తున్నవాళ్ళను యేసు తన దగ్గరికి పిలిచే మత్తయి సువార్త 11వ అధ్యాయం క్లౌకు ఇష్టమైన పాఠం. దానిమీదే పల్లెపల్లెలో మాట్లాడేవాడు. భారం తీసేస్తానన్న మాటకన్నా, మోసేవాణ్ణి పేరు పెట్టి పిలవడమే విన్నవాళ్ళకు కొత్త. ఊళ్ళో వాళ్ళను అలా పిలిచినవాళ్ళు లేరు.

ఈ మిషన్‌కు అంతకుముందు ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది, చెప్పుకోదగ్గ ఫలితం మాత్రం లేదు. శామ్యూల్ డే 1835లో అమెరికా నుంచి బయలుదేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదేళ్ళు గడిచినా సంఘంలో వేళ్ళ మీద లెక్కపెట్టే మందే. ఖర్చు దండగ, మూసేద్దామన్న ప్రతిపాదన మిషన్ సంస్థ సమావేశాల్లో ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1853లో ఆల్బనీ సమావేశంలో ఎవరో పటం మీద ఒంటరిగా ఉన్న నెల్లూరును ఒంటి నక్షత్రం అన్నారు. అమెరికా వాళ్ళ ప్రసిద్ధ దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అక్కడే ఉండి, ఆ మాట మీద రాత్రికి రాత్రి ఒక పద్యం కట్టి మర్నాడు వినిపించాడు. మూసివేత ఆగిపోయింది. బడ్జెట్టు తర్కం ఓడి పద్యం గెలిచిన అరుదైన సందర్భమిది. ఆ తర్వాత, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ఆ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అయితే ఆ ప్రాంతపు సంఘ చరిత్ర ఆయనతో మొదలైందనడం సగం నిజమే. రెండో సగం యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు నైరుతిగా తాళ్ళకొండపాడు ఆయన ఊరు, తోళ్ళ వ్యాపారం ఆయన వృత్తి. క్రైస్తవ బోధ చెవిన పడకముందే పేరయ్య రాజయోగ సాధనలో ఉన్నవాడు. అప్పటి మాదిగపల్లెల్లో గురువులను ఆశ్రయించి, విగ్రహారాధన వదిలి, ఏకాంతంలో ధ్యానం చేసే మనుషులు లేకపోలేదు; మిషన్ నివేదికలు చదివితే ఈ సంగతి అంతగా కనిపించదు. తోళ్ళ బేరం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు పేరయ్య ఈ కొత్త మాట విన్నాడు. ఇన్నాళ్ళూ తాను వెతుకుతున్నది దీన్నే అనుకున్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేర్లు మార్చుకోలేదు. పేరయ్య పేరయ్యగానే ఉండిపోయాడు. తర్వాత పల్లె పల్లెకూ కాలినడకన తిరిగి తన బంధువర్గంలో చెప్పుకుపోయాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడులో గుడారం వేసేసరికి జనం తిండి మూటలతో వచ్చారు. ఆ మూటల్లో ఉతికిన బట్టలు కూడా ఉన్నాయి. ఎందుకని చూస్తే, బాప్తిస్మం అయ్యాక తడి విడిచి కట్టుకోవడానికి. అడగాల్సింది దొర, నిర్ణయించుకోవాల్సింది తాము అన్న సంకోచం ఏమీ లేదు. నిర్ణయం ఇంటి దగ్గరే అయిపోయింది. ఐదు రోజులు వాళ్ళను ప్రశ్నించి, బోధించి, చివరికి 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

దీంతో ఒంగోలులో చిక్కు వచ్చింది. మిషన్ బడికి బ్రాహ్మణ పిల్లలు వస్తున్నారు, వాళ్ళ పెద్దలు క్లౌను గౌరవిస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని వాళ్ళు చెప్పేశారు. పైకులాలు ముందు మారితే కిందివాళ్ళు వెంట వస్తారన్నది ఆనాటి చాలామంది మిషనరీల లెక్క. ఏం చెయ్యాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య హ్యారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు దొరికిందని ఆ కుటుంబం చెప్పుకునేది. లోకం లెక్కలోకి తీసుకోనివాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని పౌలు చెప్పే భాగం అది. యాదృచ్ఛికం అనుకున్నా, కాదనుకున్నా, తలుపు మాదిగలకు తెరుచుకుంది, బడిలో బ్రాహ్మణ పిల్లల బల్లలు ఖాళీ అయ్యాయి.

పదేళ్ళలో సంఘం మూడువేల పైచిలుకుకు చేరింది. అప్పుడు వచ్చింది కరువు. 1876 వానలు మొహం చాటేశాయి. తెలుగు సంవత్సరాల లెక్కలో అది ధాత, అందుకే దానికి ధాత కరువని పేరు నిలిచింది. మరుసటి ఏడాది ఈశ్వర కూడా అలాగే గడిచింది. మద్రాసు రాష్ట్రంలో ముప్ఫై లక్షలకు పైగా చనిపోయారని అంచనా. సర్కారు కరువు పనుల మీద ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి మనిషికి రోజుకు పౌండు గింజలు, దాని మీద కొద్దిపాటి చిల్లర. రోజంతా మట్టి మోసే ఒంటికి అది ఏ మూలకు? అందులోనూ మేర మీద బతికేవాళ్ళ పరిస్థితి మరీ ఘోరం. రైతుకే పండనప్పుడు కల్లంలో కొలిచేదేముంది?

పల్లెల మీద పల్లెలు ఖాళీ అవుతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. గవర్నర్ పేరు పెట్టిన ఈ కాలువ తీరం వెంట సాగే నావల దారి, కరువు పనుల కింద దాన్ని అప్పుడు పొడిగిస్తున్నారు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని నేర్చిన మనిషి కాబట్టి కొలతలు, లోతులు ఆయనకు కొత్త కాదు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక్కొక్కరి కింద సుమారు వందమంది తవ్వేవాళ్ళు. వేరే గుత్తేదార్ల దగ్గర కూలీలో కోత, కర్ర దెబ్బ మామూలు. ఇక్కడ కొట్టరు, చెప్పిన కూలి చేతిలో పెడతారు అన్న మాట ఎంత దూరం పాకిందంటే, కులం చూడకుండా జనం వచ్చి చేరారు. గంపలు దించి నీడన కూర్చున్నప్పుడు బోధకుడు వాళ్ళ పక్కనే కూర్చుని మాట్లాడేవాడు. ఒకరిద్దరు వినేవారు, ఒకరిద్దరు అడిగేవారు, చాలామంది నిద్రపోయి ఉంటారు. గడ్డపారతో పొద్దంతా బంకమట్టి తవ్విన మనిషికి కథాకాలక్షేపం రెండో అవసరం.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. బాప్టిస్టు సంప్రదాయం తెలిస్తే ఇందులో పట్టుదల అర్థమవుతుంది. పసిపిల్లలకు నీళ్ళు చిలకరించే పద్ధతి వాళ్ళది కాదు. పెద్దయిన మనిషి తనంతట తాను నమ్మి, ఒప్పుకుని, నీళ్ళలో పూర్తిగా మునగాలి. గంజి కోసం మునిగితే అది స్నానమే. అసలైన నమ్మకానికీ ఆకలికీ తేడా చూడాలంటే ఆకలి తీర్చేవాడి చెయ్యి ఖాళీ కావాలని ఆయన లెక్క.

అది నిజంగానే ఖాళీ అయింది. 1878 జూన్ నాటికి సహాయ నిధులు అయిపోయాయి. ఇక రూపాయి లేదు, ఏమీ ఆశించి రావద్దని కబురు పంపినా జనం ఆగలేదు. ఒంగోలులో మశూచి ఉండటంతో పదిమైళ్ళ దూరంలో ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కలుద్దామన్నాడు. అక్కడ మళ్ళీ అదే మాట చెప్పాడు. వచ్చినవాళ్ళు డబ్బు అడగలేదు. చేతుల మీద బొబ్బలు చూపించి, ఇంతకాలం పనిచేసే తిన్నామని, ఇక మీదా అంతేనని, వచ్చే పంట కూడా పోతే చావడమే గనక క్రైస్తవులుగా చస్తామని వాళ్ళు అన్నట్టు ఆయన రాసుకున్నాడు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. ఆ మధ్య రోజు అంకె ప్రపంచ బాప్టిస్టు పత్రికలన్నీ తిరిగింది. జరిగిన తీరులో ఆర్భాటం మాత్రం లేదు. ప్రతి పల్లె వాళ్ళనూ ఆ పల్లె తిరిగే బోధకుడు ముందే విచారించి జాబితా రాసుకున్నాడు. ఒడ్డున పేరు చదువుతారు, నీళ్ళలో ఇద్దరు బోధకులు నిలబడి ఒకరి తర్వాత ఒకరిని ముంచుతారు, అలసిపోతే వేరే ఇద్దరు దిగుతారు. మొత్తం ఆరుగురు, అందరూ తెలుగువాళ్ళే. క్లౌ నదిలో దిగలేదు. పొద్దున్న మొదలై, ఎండ ముదిరినప్పుడు ఆగి, సాయంత్రానికి ముగిసింది. ఆ ఏడాది చివరికి లెక్క 9,606. పంచాంగంలో అది బహుధాన్య నామ సంవత్సరం.

కూటి కోసం మతం మారారన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. దాన్ని కొట్టిపారెయ్యడం నిజాయితీ కాదు: ఆదుకున్న చెయ్యి మీద కృతజ్ఞత, తన్నని మేస్త్రీ, పిల్లలకు బడి, దొరతో ఎదురుగా నిలబడి మాట్లాడే అవకాశం, వీటిని ఆ నమ్మకంలోంచి వేరుచేసి తియ్యడం ఎవరి తరం? అయితే విమర్శకులూ, దాన్నొక అద్భుతంగా పొగిడినవాళ్ళూ కూడా జూలై మూడునే చూస్తున్నారు. చూడాల్సింది దానికి ముందు పదేళ్ళను. కరువు లేని రోజుల్లో, లాభమేమీ లేకుండా, మేర పోగొట్టుకుని, దెబ్బలు తిని డప్పు కింద పెట్టినవాళ్ళ చుట్టాలే వెల్లంపల్లి రేవులో దిగినవాళ్ళలో చాలామంది. ఏం పోగొట్టుకోవాలో వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు.

తర్వాత అందరూ నిలవలేదు. పాత జాతరలకు పోయినవాళ్ళున్నారు, ఊరి ఒత్తిడికి లొంగినవాళ్ళున్నారు. అలాంటి తగవులను క్లౌ తాను తీర్చకుండా పల్లె పెద్దల పంచాయితీకే వదిలేవాడు. ఎవరిది భయం, ఎవరిది మోసం అన్నది వాళ్ళకే తెలుస్తుంది. బోధకులకు శిక్షణ 1872లో మొదలైన రామాయపట్నం వేదపాఠశాలలో సాగింది. ఆ పల్లెల సంఘాల వారసులు ఎక్కువమంది 1962లో ఏర్పడిన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంలో ఉన్నారు. వృత్తి విషయానికొస్తే, మొదటి ఆ మూడు నియమాల్లో దాన్ని మానమన్న మాట ఎక్కడా లేదు. మాంసం మానేసినా తోలు పని సాగింది. పేరయ్య తరం మనుషులు చెప్పిన ముచ్చట్లను క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో పుస్తకంగా అచ్చువేసినప్పుడు, దానికి చెప్పులు కుడుతూ అనే అర్థం వచ్చే పేరే పెట్టింది.